నిమిషంపాటు తడబడని గొంతు

క్లెమెంట్ ఫ్రాయిడ్ 2009 ఏప్రిల్ 15న లండన్‌లోని తన ఇంట్లో, రాతబల్ల దగ్గర కూర్చుని ఉండగానే కన్నుమూశాడు. ఇంకో తొమ్మిది రోజులు గడిస్తే ఎనభై అయిదేళ్లు నిండేవి. వంటవాడుగా, పత్రికా రచయితగా, పిల్లల కథకుడుగా, గుర్రప్పందేల వెర్రి ఉన్నవాడుగా, పద్నాలుగేళ్లపాటు పార్లమెంటు సభ్యుడుగా అతన్ని ఎరిగినవాళ్లు ఉన్నారు. అయితే బ్రిటన్‌లో ఆ వార్త విన్న చాలామందికి ముందుగా చెవిలో మెదిలింది ఒక గొంతు. బొంగురుగా, నింపాదిగా, నవ్వు అంటే ఏమిటో తెలియనట్టు సాగే గొంతు. బీబీసీ రేడియో 4లో ‘జస్ట్ ఎ మినిట్’ అనే మాటల ఆటలో నలభై ఏళ్లకు పైగా వినిపించి, ఎవరెవరి వంటింట్లోకో కారులోకో చొరబడి, ఇంటిమనిషి అయి కూర్చున్న గొంతు అది.

పుట్టింది 1924 ఏప్రిల్ 24న, బెర్లిన్‌లో. మనోవిశ్లేషణ శాస్త్రానికి ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు కొడుకు కొడుకు. తండ్రి ఎర్న్‌స్ట్ భవనాల నమూనాలు గీసే ఆర్కిటెక్టు. ముగ్గురు అన్నదమ్ములలో క్లెమెంట్ ఆఖరివాడు. నడిపివాడైన లూసియన్ తరవాతి కాలంలో ఇరవయ్యో శతాబ్దపు పెద్ద చిత్రకారులలో ఒకడయ్యాడు. 1933లో హిట్లర్ అధికారానికి రాగానే ఆ యూదు కుటుంబం జర్మనీ వదిలి ఇంగ్లండు చేరుకుంది. తాత 1938లో వియన్నా విడిచి లండన్ వచ్చి, మరుసటి ఏడాది సెప్టెంబరులో అక్కడే పోయాడు. ఇంటిపేరు చెప్పగానే ఎదుటివాడు తాత గురించి అడగడం, చిత్రకళ తెలిసినవాడైతే అన్న గురించి అడగడం – జీవితమంతా అతనికి తప్పలేదు. ఆ అన్నదమ్ములిద్దరికీ మాటలు లేవు. ఆ మౌనం దశాబ్దాలు నడిచింది. దాని వెనక ఉన్నది చిన్ననాటి తగవు అని కొందరు, డబ్బు అని కొందరు కథలు చెప్పారు. ఇంటిపేరు వారసత్వంగా వచ్చిన మూడో తరంవాడు ఏదో ఒక కొత్త పనిలో తన పేరు నిలబెట్టుకోవాలి. క్లెమెంట్ ఎంచుకున్న పని తాతకూ అన్నకూ ఏమాత్రం సంబంధం లేనిది: వంట.

బడి చదువు అయ్యాక అతను విశ్వవిద్యాలయం వైపు పోలేదు. లండన్‌లోని డార్చెస్టర్ హోటల్ వంటింట్లో పని నేర్చుకునే కుర్రాడుగా చేరాడు. యుద్ధంలో రాయల్ అల్‌స్టర్ రైఫిల్స్ దళంలో పనిచేశాడు. యుద్ధం ముగిశాక, నాజీ నాయకుల మీద న్యూరెంబర్గ్‌లో జరిగిన విచారణల దగ్గర సైన్యం తరఫున అనుసంధాన అధికారిగా ఉన్నాడు. తొమ్మిదేళ్ల వయసులో ఏ మనుషులకు భయపడి ఇల్లు వదిలాడో ఆ మనుషులే బోనులో నిలబడి ఉండగా చూసే అవకాశం చాలా కొద్దిమందికి దక్కింది. అంతటి అనుభవం గురించి అతను పెద్దగా మాట్లాడలేదు. కోడిగుడ్డు అట్టు ఎలా వేయాలన్న దాని గురించి మాత్రం ఎంత సేపయినా మాట్లాడేవాడు.

తరవాత ఫ్రాన్సు దక్షిణ తీరాన కాన్ పట్టణంలోని మార్టినెజ్ హోటల్‌లో కొంతకాలం పనిచేసి లండన్ తిరిగొచ్చాడు. 1950లో జిల్ రేమండ్ అనే నటిని పెళ్లాడాడు. యుద్ధకాలంలో బాంబుల భయానికి లండన్ నుంచి బయటికి పంపిన పిల్లల్లో ఆమె ఒకరు. ఆక్స్‌ఫర్డ్‌లో రచయిత సి.ఎస్. లూయిస్ ఇంట్లో ఉండేది. ఆయన రాసిన నార్నియా కథల్లోని లూసీ అనే పాపకు ఈమే మూలమని చెప్తారు. ఈ దంపతులకు అయిదుగురు పిల్లలు. 1950ల్లో క్లెమెంట్ స్లోన్ స్క్వేర్‌లోని రాయల్ కోర్ట్ నాటకశాల పైఅంతస్తులో ఒక క్లబ్బు నడిపాడు. కింద నాటకం, పైన భోజనం, ఆ తరవాత పాటలూ హాస్యాలూ. జనాన్ని కూర్చోబెట్టి మాటలతో పట్టి ఉంచే విద్య అతనికి అబ్బింది అక్కడే అనుకోవాలి.

క్లబ్బు నుంచి పత్రికల్లోకి అడుగు పడింది. వంటల మీద, ఆటల మీద, గుర్రప్పందేల మీద కాలమ్‌లు రాశాడు. 1968లో ‘గ్రింబుల్’ అనే పిల్లల పుస్తకం వచ్చింది. అమ్మానాన్నలు పెరూ దేశానికి వెళ్లిపోగా, ఇంట్లో అక్కడక్కడా పెట్టిపోయిన చీటీలు చూసుకుంటూ తన తిండి తానే వండుకునే పిల్లవాడి కథ అది. అందులో కన్నీళ్లు లేవు, నీతులు లేవు. ఆకలి ఉంది, దాన్ని తీర్చుకునే ఉపాయాలు ఉన్నాయి. అతని రచనల్లో ఇప్పటికీ తేలిగ్గా చదివించేది ఇదే. కానీ దేశమంతటా అతని ముఖం ఎరిగేలా చేసింది పుస్తకం కాదు, కుక్కల తిండి ప్రకటన. చెంపలు వేలాడే, ఎప్పుడూ దిగులుగా చూసే హెన్రీ అనే బ్లడ్‌హౌండ్ కుక్క పక్కన, అచ్చం అదే దిగులు మొహంతో ఫ్రాయిడ్. ఇద్దరిలో ఎవరు ఎవర్ని అనుకరిస్తున్నారో తెలియకపోవడమే ఆ ప్రకటన బలం. తరవాత రాజకీయాల్లోకి దిగినప్పుడు కూడా కుక్క ప్రకటనవాడన్న మాట అతని వెంట నడిచింది. అతను దాన్ని దులుపుకోవాలని చూడలేదు.

‘జస్ట్ ఎ మినిట్’ను కల్పించినవాడు ఇయన్ మెసిటర్. బడిలో పాఠం వినకుండా పరధ్యానంగా ఉన్న తనను మాస్టారు లేపి, ఇప్పటిదాకా చెప్పినదంతా తడుముకోకుండా, మాట తిరిగి రాకుండా ఒక్క నిమిషంలో అప్పచెప్పమన్నారనీ, ఆ శిక్షే పెద్దయ్యాక ఆటగా మారిందనీ అతను చెప్పుకునేవాడు. రేడియో 4 మొదలైన కొన్ని వారాలకే, 1967 డిసెంబరు 22న, తొలి భాగం ప్రసారమయింది. నిక్లస్ పార్సన్స్ అధ్యక్షుడు. ఆడినవాళ్లు డెరెక్ నిమ్మో, బెరిల్ రీడ్, విల్మా యూఆర్ట్, క్లెమెంట్ ఫ్రాయిడ్. బీబీసీ పెద్దలకు అది అంతగా నచ్చలేదు. నిర్మాత డేవిడ్ హాచ్ పట్టుబట్టడం వల్లనే కొనసాగింది. అలా అయిష్టంగా మొదలైన కార్యక్రమం అర్ధశతాబ్దం దాటింది.

ఆట నియమాలు పిల్లవాడికైనా చెప్పి ఒప్పించవచ్చు. నలుగురు ఆటగాళ్లు. అధ్యక్షుడు ఒకరికి ఒక విషయం ఇస్తాడు. దాని మీద అరవై సెకన్లు మాట్లాడాలి; ఆగకూడదు, ఒకసారి అన్న మాట మళ్లీ అనకూడదు, విషయం తప్పకూడదు. ఇచ్చిన విషయంలోని మాటలను మాత్రం ఎన్నిసార్లయినా అనవచ్చు. తప్పు దొర్లిందని ఎవరికి అనిపిస్తే వాళ్లు మీట నొక్కి అడ్డుపడతారు. అభ్యంతరం నిజమైతే అడ్డుపడ్డవాడికి ఒక పాయింటు, మిగిలిన సెకన్లూ ఆ విషయమూ అతనివే. కాకపోతే పాయింటు మాట్లాడుతున్నవాడికే. అరవయ్యో సెకనుకు ఈల మోగినప్పుడు ఎవరు మాట్లాడుతుంటే వారికి ఇంకో పాయింటు. అధ్యక్షుడి పక్కన గడియారం పట్టుకుని కూర్చునే మనిషికి ఈల ఊదడం ఒక్కటే పని.

అవధానం చూసినవాళ్లకు ఈ ఆట కిటుకు చప్పున అర్థమవుతుంది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుక్కీ ఒక అక్షరాన్ని నిషేధిస్తూ పోతాడు. అవధాని దాన్ని తప్పించుకుని పద్యపాదం పూర్తి చేయాలి. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన సరిగ్గా ధారణ తెగేచోట చూసి అడ్డం వస్తాడు. లండన్ ఆటలో పృచ్ఛకులు ముగ్గురు, ముగ్గురూ అప్రస్తుత ప్రసంగులే. నిషేధించేది మాత్రం వాళ్లు కాదు, మాట్లాడేవాడే. నోరు జారిన ప్రతి మాటా ఆ క్షణం నుంచి అతనికి నిషిద్ధం. అరవై సెకన్ల చివరికొచ్చేసరికి తన చుట్టూ తానే కట్టుకున్న కంచెలో చిక్కుకుంటాడు. అవధానంలో పాండిత్యం ముందు, చమత్కారం తరవాత. ఇక్కడ పాండిత్యం లేకపోయినా నడుస్తుంది; భాష మీద పట్టు, సిగ్గులేని ధైర్యం ఉంటే చాలు.

1968లో కెన్నెత్ విలియమ్స్ అనే నటుడు ఈ ఆటలోకి రావడంతో దానికి నాటకం తోడైంది. అతను అరిచేవాడు, అలిగేవాడు, అధ్యక్షుణ్ణి తిట్టిపోసేవాడు. ఒక్కొక్క అచ్చును సాగదీసి సెకన్లు తినేసేవాడు. డెరెక్ నిమ్మో తాను తిరిగిన దేశాల కబుర్లు చెప్పేవాడు. పీటర్ జోన్స్ ఏదీ పట్టనట్టు, అనుకోకుండా ఇక్కడికి వచ్చి కూర్చున్న మనిషిలా మాట్లాడేవాడు. ఈ ముగ్గురి మధ్యా ఫ్రాయిడ్ నిజంగా గెలవడానికి ఆడేవాడు. అతని విద్యకు రెండు పట్లు. ఒకటి, నెమ్మది. ఆగితే ఓడిపోయే ఆటలో అందరూ గబగబా పరిగెత్తి, ఆయాసపడి, తడబడేవారు. ఇతను ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఎంత ఎడం ఉంటే అది ఆగడం కిందికి రాదో కొలుచుకున్నట్టు, సరిగ్గా అంత ఎడంతో నడిచేవాడు. నిమిషంలో తక్కువ మాటలు వాడితే తిరిగి వచ్చే మాటలూ తగ్గుతాయన్న లెక్క అందులో ఉంది. రెండోది, జాబితా. విషయం ఏదయినా సరే, కాస్త దూరం పోయాక ఊళ్ల పేర్లో కూరగాయల పేర్లో చీజుల రకాలో వరసగా చదవడం మొదలెట్టేవాడు. జాబితాలో ఒక పేరు రెండోసారి రాదు, వ్యాకరణంతో పనిలేదు, విషయం తప్పిందని నిరూపించడం కష్టం. వినేవాళ్లకు ఇది మోసమని తెలుసు. ఆ మోసం అంత గంభీరంగా జరుగుతుంటే నవ్వాపుకోవడం వాళ్ల వల్ల కాదు.

ఇంకొకటి కూడా చేసేవాడు, అది అంత ముచ్చటైనది కాదు. ఎదుటివాడు యాభై ఎనిమిది సెకన్లు మాట్లాడి ఒడ్డున పడబోతుండగా అడ్డుపడి, మిగిలిన రెండు సెకన్లలో రెండు మాటలు పలికి ఈల పాయింటు కాజేయడం. నియమాల ప్రకారం అది సబబే. కొత్తగా వచ్చిన ఆటగాళ్ల మీద కూడా జాలి చూపేవాడు కాదు. పార్సన్స్ తీర్పు తనకు వ్యతిరేకంగా వస్తే చల్లగా ఒక మాట విసిరి ఊరుకునేవాడు, ఆ మాట మాత్రం తగలవలసిన చోట తగిలేది. వాళ్లిద్దరూ లండన్‌లో ఒకే బడి – సెయింట్ పాల్స్ – విద్యార్థులు. నలభై ఏళ్ల ఆట పొడుగునా నడిచిన ఆ వాదులాటలో ఎంత నటనో ఎంత నిజమో శ్రోతలకు ఎప్పుడూ అంతు చిక్కలేదు. 1988లో విలియమ్స్, 1999లో నిమ్మో, 2000లో జోన్స్ పోయారు. విలియమ్స్ పోయింది కూడా ఏప్రిల్ 15నే, ఇరవై ఒక్క ఏళ్ల ముందు. 1989 నుంచి పాల్ మెర్టన్ లాంటి కొత్త తరం హాస్యగాళ్లు వచ్చి, పాయింట్ల కన్నా ఊహల గొలుసులు అల్లడానికే ఆడసాగారు. వాళ్ల మధ్య ఈ ముసలాయన ఇంకా గెలుపు కోసమే ఆడుతూండటం కార్యక్రమానికి కొత్త రుచి తెచ్చింది.

ఆట ఆడుతూనే పార్లమెంటుకు వెళ్లాడు. 1973లో కేంబ్రిడ్జ్‌షైర్‌లోని ఐల్ ఆఫ్ ఈలీ స్థానపు కన్సర్వేటివ్ సభ్యుడు మరణించడంతో జూలై 26న ఉపఎన్నిక జరిగింది. చిత్తడి నేలల నీరు తోడి సాగులోకి తెచ్చిన చదునైన వ్యవసాయ ప్రాంతం అది. లిబరల్ పార్టీకి అక్కడ ఆశ పెట్టుకోదగ్గ బలం లేదు. దేశం మొత్తం మీదా 1970 ఎన్నికల్లో ఆ పార్టీకి దక్కినవి ఆరు స్థానాలే. లిబరల్ అభ్యర్థిగా నిలబడ్డ ఫ్రాయిడ్ 1,470 ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. పందేలవాళ్లు అతని గెలుపు మీద ఒకటికి ముప్పై మూడు ఇస్తామంటే తన మీద తానే పందెం కాసుకున్నాడు. గెలిచిన డబ్బు ఎంపీగా తన కార్యాలయపు జీతాలకు చాలా కాలం సరిపోయిందని తరవాత చెప్పుకున్నాడు. గొంతుతో పేరు తెచ్చుకుని చట్టసభకు పోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివి, సినిమాల్లో కంచుకంఠమనిపించుకున్న కొంగర జగ్గయ్య 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తేడా ఏమిటంటే జగ్గయ్య గొంతు గౌరవం పుట్టించేది, ఫ్రాయిడ్ గొంతు నవ్వు పుట్టించేది. నవ్వించేవాణ్ణి ఓటరు ఎంతవరకు నమ్ముతాడన్న అనుమానం అతని పార్టీలోనే ఉండేది. ఐల్ ఆఫ్ ఈలీ జనం మాత్రం అతన్ని వరసగా ఎన్నుకున్నారు. 1983లో ఆ స్థానం రద్దయి ఈశాన్య కేంబ్రిడ్జ్‌షైర్‌గా మారినప్పుడూ గెలిచాడు, 1987లో ఓడిపోయాడు. ఆ ఏడాదే అతనికి సర్ బిరుదు వచ్చింది.

రాజకీయాల్లో అతను చేసిన పనులలో చెప్పుకోదగినది ఒక బిల్లు, అది చట్టం కాలేదు. బ్రిటన్‌లో 1911 నాటి అధికార రహస్యాల చట్టంలో రెండో సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా ఏ సమాచారం బయటపెట్టినా నేరమే, అది క్యాంటీన్‌లో టీ ధరే కానీ. దాన్ని ఎత్తేసి, ప్రజలకు సమాచారం అడిగే హక్కు ఇవ్వాలన్న ప్రైవేటు బిల్లును ఫ్రాయిడ్ 1978–79 సమావేశాల్లో ప్రవేశపెట్టాడు. బిల్లు కొంతదూరం నడిచింది. ఇంతలో 1979 మార్చి 28న జేమ్స్ కల్లహన్ లేబర్ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఆ రోజు ఫ్రాయిడ్ లివర్‌పూల్‌లో, మర్నాడు జరగబోయే ఉపఎన్నిక ప్రచారంలో ఉన్నాడు. లండన్ వచ్చే రైలు తప్పిపోయినట్టు చేసుకుంటే బిల్లు సంగతి తాము చూసుకుంటామని ప్రభుత్వ పక్షం నుంచి కబురు వచ్చిందనీ, తాను రైలు ఎక్కి వచ్చి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశాననీ అతను చెప్పిన కథ. ప్రభుత్వం 311–310తో, ఒకే ఒక్క ఓటుతో కూలింది. మంచాన పడ్డ లేబర్ సభ్యుడొకరు సభకు రాలేకపోయారు. ఆ ఒక్క ఓటు నాదేనని ఆ రాత్రి 311 మందిలో ఎవరైనా అనుకోవచ్చు. సభ రద్దు కావడంతో ఫ్రాయిడ్ బిల్లూ పోయింది. ఎన్నికల్లో మార్గరెట్ థాచర్ వచ్చింది. రెండో సెక్షన్ పోవడానికి 1989 దాకా, సమాచార స్వేచ్ఛ చట్టం రావడానికి 2000 దాకా బ్రిటన్ ఆగవలసి వచ్చింది. అదే అచ్చులో పోతపోసిన 1923 నాటి అధికార రహస్యాల చట్టం భారతదేశంలో ఇప్పటికీ అమల్లోనే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం దాని పక్కనే బతుకుతోంది.

పార్లమెంటు నుంచి బయటపడ్డాక అతని జీవితంలో పెద్ద మలుపులు లేవు. పందేల మీద రాశాడు, తిన్నాడు, తినిపించాడు, రేడియోలో ఆడాడు. స్కాట్లండులో రెక్టర్ అనే గౌరవ పదవికి విద్యార్థులే ఓట్లేసి ఎన్నుకుంటారు. డండీ విశ్వవిద్యాలయంలో 1970ల్లో, సెయింట్ ఆండ్రూస్‌లో 2002లో వాళ్లు ఇతన్ని ఎన్నుకున్నారు. 2001లో ‘ఫ్రాయిడ్ ఈగో’ పేరుతో ఆత్మకథ రాశాడు. పుస్తకానికి తాత పరిభాషను పేరుగా పెట్టడం ఒక్కటే ఆ వంశానికి అతను కట్టిన కప్పం.

2009 ఏప్రిల్ 24న, బతికి ఉంటే ఎనభై అయిదో పుట్టినరోజు అయ్యే నాడు, పత్రికలవాళ్ల గుడిగా పేరున్న ఫ్లీట్ స్ట్రీట్‌లోని సెయింట్ బ్రైడ్స్ చర్చిలో అంత్యక్రియలు జరిగాయి. ఆ పది రోజులూ వచ్చిన నివాళుల్లో ఒకే రకం కథలు మళ్లీ మళ్లీ కనిపించాయి. కుక్క ప్రకటన, తన మీద తాను కాసిన పందెం, ఎక్కిన రైలు. ఇంకోటి చైనా కథ: విన్‌స్టన్ చర్చిల్ మనవడైన ఎంపీతో కలిసి ఆ దేశం వెళ్తే, హోటల్‌లో మంచి గది ఆయనకు ఇచ్చారట, తాతల పోటీలో తాను ఓడింది ఆ ఒక్కసారేనని ఫ్రాయిడ్ అనేవాడు. ఈ కథలన్నింటికీ ఒక పోలిక ఉంది. దాదాపు అన్నీ అతను చెప్పినవే. ఏళ్ల తరబడి విందుల్లో, కాలమ్‌లలో, మైకు ముందు చెప్పి, అరగదీసి నున్నన చేసినవి. కబుర్లు చెప్పేవాడు పోతే అతన్ని తలుచుకునేవాళ్లు తెలియకుండానే అతని కబుర్లనే వల్లిస్తారు. నివాళి రాసే విలేఖరికి గంటన్నర గడువు ఉంటుంది, చేతిలో పోయినాయన ఆత్మకథ ఉంటుంది. అలా బయటికొచ్చే నివాళిలో సగం ఆ మనిషి తన గురించి తాను ముందే రాసి పెట్టుకున్నదే.

రేడియో మనుషుల విషయంలో ఇది మరీ ఎక్కువ. సినిమా నటుణ్ణి తెర మీద చూసే ప్రేక్షకుడికి అది వేషమని తెలుస్తూనే ఉంటుంది. రేడియోలో వేషం లేదు, మేకప్ లేదు. వినేవాడు ఒంటరిగా వింటాడు, ఆ గొంతు తనతోనే మాట్లాడుతోందనుకుంటాడు. మద్రాసు, తరవాత హైదరాబాదు కేంద్రాల నుంచి పిల్లల కార్యక్రమాలు నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఒక తరం మొత్తానికి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయిపోయింది ఇలాగే. చుట్టరికం గొంతుతోనే కలిసేది. మంచి మనుషుల విషయంలో ఆ చుట్టరికం నిలబడుతుంది. కానీ గొంతు తీయదనానికీ మనిషి మంచితనానికీ లంకె ఏమీ లేదు.

2011లో మరణించిన జిమ్మీ సావిల్ బీబీసీలో పాటల కార్యక్రమాలు నడిపి దేశమంతటా ఆప్తుడనిపించుకున్నవాడు. మరుసటి ఏడాది అక్టోబరులో ఐటీవీ చానల్ ‘ఎక్స్‌పోజర్’ పేరున ప్రసారం చేసిన పరిశోధన కథనంతో అతను పిల్లల మీద, ఆడవాళ్ల మీద దశాబ్దాలపాటు జరిపిన అత్యాచారాలు బయటపడ్డాయి. అంతకుముందు ఎవరూ వినిపించుకోనివాళ్లు ఆ తరవాత ఒక్కొక్కరే నోరు విప్పారు. 2016 జూన్‌లో అదే ‘ఎక్స్‌పోజర్’ క్లెమెంట్ ఫ్రాయిడ్ గురించిన కథనం ప్రసారం చేసింది. తాము ఆడపిల్లలుగా ఉన్న రోజుల్లో అతను తమపై లైంగిక దాడి చేశాడని, స్త్రీలు అందులో చెప్పారు. వాళ్లలో ఒకరు తన పేరుతోనే ముందుకొచ్చారు. వాళ్లు చెప్పిన సంగతుల్లో అన్నిటికన్నా పాతవి 1940ల చివరినాటివి. ఒక బాలిక కొంతకాలం ఆ కుటుంబం నీడనే పెరిగింది. అప్పటికి ఎనభైల చివర్లో ఉన్న అతని భార్య ఒక ప్రకటన చేసింది. తనకు ఇది పెద్ద దెబ్బ అని, ఆ స్త్రీలకు జరిగినదానికి ఎంతగానో చింతిస్తున్నానని, వాళ్లకు ఇప్పటికైనా కొంత శాంతి దొరకాలని అందులో ఉంది. ఆ మాటల్లో భర్తను వెనకేసుకురావడం లేదు.

చనిపోయినవాణ్ణి ఏ కోర్టూ విచారించదు. అందువల్ల ఆ ఆరోపణలు ఎప్పటికీ చట్టపు భాషలో ఆరోపణలుగానే ఉంటాయి. సర్ బిరుదు కూడా మనిషితోనే పోతుంది కాబట్టి మరణం తరవాత దాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. కానీ స్మృతికి కోర్టు నియమాలు వర్తించవు. కోల్పోవడమే తప్ప లాభించేదేమీ లేకపోయినా చెప్పినవాళ్ల మాటలూ, వాటిని విన్న భార్య తోసిపుచ్చకపోవడమూ మామూలు పాఠకుడికి సరిపోయాయి. 2009 నాటి నివాళులు అబద్ధాలు కావు. వాటిలోని పందెం, రైలు, కుక్క అన్నీ నిజమే. అయితే అవి అతను చెప్పదలచుకున్న నిజాలు. ఎవరిని మాట్లాడనివ్వలేదో వాళ్ల నిజాలకు వాటిలో చోటు లేదు. నలభై ఏళ్లపాటు ఎదుటివాడి మాట మధ్యలో తెంచి తాను అందుకోవడమే విద్యగా ఆడినవాడి గురించి ఇలా రాయవలసి రావడం వింతగానే ఉంటుంది. దాన్ని అంతకన్నా సాగదీయకూడదు.

పాత అభిమానులు రెండు రకాలుగా చీలారు. గొంతు వేరు, మనిషి వేరు అని ఇప్పటికీ వినేవాళ్లు ఉన్నారు. అతను మాట్లాడటం మొదలవగానే రేడియో కట్టేసేవాళ్లూ ఉన్నారు. రెండో పక్షానికే బలం ఎక్కువ. పుస్తకాన్ని రచయిత నుంచి కొంత విడదీసి చదవవచ్చు. రేడియో హాస్యంలో అమ్ముడుపోయేది మనిషి సాంగత్యమే. ఆ సాంగత్యం వద్దనుకున్నాక మిగిలేది నియమాల లెక్క, జాబితాల ఉపాయం. వాటి నేర్పును ఒప్పుకోవచ్చు. నవ్వు మాత్రం రాదు.

కార్యక్రమం ఆగలేదు. 2012లో ముంబయి వెళ్లి, భారతీయ హాస్యగాళ్లను కూడా కూర్చోబెట్టుకుని రెండు భాగాలు రికార్డు చేసుకొచ్చారు. మొదటి రోజు నుంచీ అధ్యక్షుడుగా ఉన్న నిక్లస్ పార్సన్స్ 2020 జనవరిలో తొంభై ఆరేళ్ల వయసులో మరణించాడు. 2021 నుంచి ఆ కుర్చీలో సూ పెర్కిన్స్ కూర్చుంది. ఫ్రాయిడ్ ఆడిన భాగాల్లోంచి అతన్ని కత్తిరించి తీసేయడం కుదిరే పని కాదు. ఆ ఆటలో ఒకరు ఆపిన చోటనే ఇంకొకరు అందుకుంటారు. అతని మాటలు తీసేస్తే విలియమ్స్ అలిగింది దేనికో తెలియదు, నిమ్మో అందుకున్న మిగిలిన పన్నెండు సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు, పార్సన్స్ తీర్పు ఎవరి మీదో తెలియదు. కాబట్టి ఆ రికార్డింగులు ఉంటే అతనితోనే ఉంటాయి.